ప్రేయర్ బెల్ మోగింది, మరి మనల్ని అడిగారా?

మన విశాఖలో బడి మొదలైందా అని ఎవరూ అడగరు. "ప్రేయర్ అయిపోయిందా?" అంటారు. జీవీఎంసీ (నగరపాలక సంస్థ) బడైనా, కార్పొరేట్ బడైనా, కాన్వెంటైనా అదే మాట. ప్రేయర్ బెల్, ప్రేయర్ లైను, ప్రేయర్ గ్రౌండు. లేటుగా వచ్చినవాడు గేటు బయట నిలబడి "ప్రేయర్ మిస్సయ్యాను" అంటాడు. ఆ పావుగంటలో దేవుడి వాటా ఎంత, దేశం వాటా ఎంత, గోళ్లు కత్తిరించారా బూట్లకి పాలిష్ ఉందా అని చూసే పీఈటీ మాస్టారి వాటా ఎంత అని ఎవరూ లెక్క కట్టరు.

మావాడు మూడో తరగతికి వచ్చేదాకా నేనూ కట్టలేదు. పాత ఊరి వైపు ఒక క్రైస్తవ ప్రైమరీ స్కూల్లో వేశాం వాణ్ణి. ఇంటికి దగ్గర, ఫీజు మోయగలిగేంత, సిస్టర్లు శ్రద్ధగా చదువు చెబుతారు. మొన్నొక ఆదివారం కంచం ముందు కూర్చుని కళ్లు మూసుకున్నాడు. "ఈ ఆహారం ఇచ్చినందుకు నీకు వందనాలు ప్రభువా, ఆమెన్" అన్నాడు. ఆ వెంటనే నానమ్మ నేర్పినట్టు మొదటి ముద్ద కళ్లకద్దుకుని నోట్లో పెట్టుకున్నాడు. మా అమ్మ నవ్వేసింది. "ఏటైతే ఏటిరా, అన్నానికి దణ్ణం పెట్టాడు కదా" అంది. మా ఆవిడ మాత్రం నవ్వలేదు. "మనల్ని ఎవరైనా అడిగారా?" అంది.

కోపంగా అడగలేదు తను. ఫీజు రసీదు గురించి అడిగినట్టే అడిగింది. అయినా నా దగ్గర జవాబు లేదు. ఎల్‌కేజీలో చేర్చినప్పుడు నింపిన ఫారంలో ఏముందో కూడా గుర్తు లేదు. అక్కణ్ణించి మొదలుపెట్టి, తెలిసినవాళ్లని అడిగి, చట్టం చదివి, నాకు అర్థమైనంత మేరకు ఈ చిక్కుముడి విప్పుతున్నాను.

ముందు మూడు పనులు విడదీయాలి. బయటివాళ్లు వీటన్నిటినీ కలిపి "వాళ్ల మతం చెప్తున్నారు" అనేస్తారు. ఒకటి, పొద్దున్న గ్రౌండులో అందరూ కలిసి చేసే ప్రార్థన. ఒక పాట, ఒక బైబిలు వాక్యం, పరలోక ప్రార్థన. రెండోది మతబోధన. కేథలిక్కులు దీన్ని సత్యోపదేశం అంటారు, బడిలో క్యాటెకిజం పిరియడ్. చాలా కేథలిక్ బడుల్లో ఆ పిరియడ్‌కి కేథలిక్ పిల్లలు మాత్రమే వెళతారు. మిగతావాళ్లు అదే సమయంలో మోరల్ సైన్స్ క్లాసులో ఉంటారు. ఆ మోరల్ సైన్సే మూడోది. అబద్ధం ఆడకూడదు, పెన్సిల్ దొంగతనం చేయకూడదు లాంటి పాఠాలు. సుప్రీంకోర్టు 2002లో అరుణా రాయ్ కేసులో మతాల గురించి చెప్పడం వేరు, మతాన్ని బోధించడం వేరు అని తేల్చింది. కాబట్టి మోరల్ సైన్స్‌తో చట్టానికి పేచీ లేదు. సత్యోపదేశంతోనూ పెద్ద గొడవ రాదు, ఎందుకంటే అక్కడ పిల్లల్ని ముందే వేరు చేసి కూర్చోబెడతారు. చిక్కంతా మొదటిదాంట్లోనే ఉంది. గ్రౌండులో ఎవరినీ వేరు చేయరు. మూడు వందల మంది ఒకే వరసలో నిలబడి, ఒకేసారి కళ్లు మూసుకుంటారు.

అలా అందరూ కలిసి చేసేదాన్ని ఏమని పిలవాలి? ఇక్కడ మన క్రైస్తవుల తెలుగే దారి చూపిస్తుంది. ప్రొటెస్టెంటు చర్చిలో విశ్వాసుల సమూహాన్ని "సంఘం" అంటారు. ఆదివారం జరిగేది సంఘం చేసే ఆరాధన. అక్కడికి వచ్చినవాడు నమ్మి వస్తాడు, బాప్తిస్మం తీసుకుని ఉంటాడు, లేదా తీసుకోవాలని వస్తాడు. బడి అసెంబ్లీ సంఘం కాదు. అక్కడ అప్పలనరసయ్య మనవడు ఉంటాడు, కోటవీధి సాయిబు గారి అమ్మాయి ఉంటుంది, జ్ఞానాపురం కేథలిక్ పిల్లలుంటారు, ఆదివారం పెంతెకొస్తు మందిరానికి వెళ్లేవాళ్లుంటారు. వీళ్లంతా కలిసి చదువుకోవడానికి వచ్చారు తప్ప కలిసి నమ్మడానికి రాలేదు. కాబట్టి బడిలో ప్రార్థన చేయించే సిస్టర్ గానీ హెడ్‌మాస్టర్ గానీ పాస్టరు గారి భాష మాట్లాడితే తేడా కొడుతుంది. "మన రక్షకుడు" అన్నప్పుడు ఆ "మన"లో ఎవరెవరున్నారన్నదే ప్రశ్న.

ఈ తేడా మీద ఎక్కువ సిరా ఖర్చు పెట్టింది ఇంగ్లండు వాళ్లు. అక్కడ 1944 విద్యా చట్టం ప్రభుత్వ నిధులతో నడిచే ప్రతి బడిలో రోజూ సామూహిక ఆరాధన జరగాలంది. 1988 చట్టం, మామూలు ప్రభుత్వ బడుల్లో అది ప్రధానంగా క్రైస్తవ స్వభావంతో ఉండాలని చేర్చింది. చర్చి బడులు తమ చర్చి సంప్రదాయం ప్రకారం నడుపుకోవచ్చు. ఇష్టం లేని తల్లిదండ్రులు చెప్పి తమ పిల్లల్ని తప్పించుకోవచ్చు. సంఘం చేసే ఆరాధనకు ఒక మాట, రకరకాల వాళ్లు కలిసి చేసేదానికి ఇంకో మాట అని వాళ్ల విద్యావేత్తలు జాగ్రత్తగా విడదీస్తారు. మనదేశంలో అలాంటి చట్టం లేదు. ప్రార్థన చేయించమని ఏ క్రైస్తవ బడికీ ప్రభుత్వం చెప్పదు. అక్కడ చట్టం చేయించేది, ఇక్కడ అలవాటు చేయిస్తుంది.

ఆ అలవాటు మన విశాఖలో చాలా పాతది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు ఇక్కడ దిగారు. తెలుగు నేర్చుకున్నారు, బడి పెట్టారు, సువార్తల్ని తెలుగు చేయడం మొదలుపెట్టారు. మూడు సువార్తలు 1812లో సెరంపూర్‌లో అచ్చయ్యేసరికి ఇద్దరూ కన్నుమూశారు. 1846లో ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన కేథలిక్ ఫాదర్లు వచ్చారు, మరుసటి ఏడే సెయింట్ అలోషియస్ బడి మొదలైంది. ఆ రోజుల్లో బడి, బైబిలు వేరు వేరు కావు. చదవడం నేర్పిందే బైబిలు చదవడానికి. సర్కారు గ్రాంట్లు వచ్చాక కథ మారింది. 1854 నాటి ఉడ్ డిస్పాచ్, అంటే అప్పటి బ్రిటిష్ పాలకుల విద్యా విధాన పత్రం, ఒక గీత గీసింది. సర్కారు బడుల్లో మతం ఉండదు. మిషన్ బడులకు గ్రాంటు ఇస్తారు గానీ, అక్కడ చెప్పే మతం సంగతి ఇన్‌స్పెక్టరు పట్టించుకోకూడదు. డబ్బు ఎవరిదన్న దాన్నిబట్టి నియమం మారే ఈ పద్ధతి తర్వాత రాజ్యాంగంలోనూ కనిపిస్తుంది. ఆ పద్ధతి తెలియకపోతే 28వ అధికరణం ఒక్క ముక్క కూడా అర్థం కాదు.

ఆ అధికరణంలో మూడు క్లాజులున్నాయి. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదని మొదటిది. రెండోది దానికి మినహాయింపు, మతబోధన చేయాలన్న షరతుతో పెట్టిన ధర్మాదాయ సంస్థల్ని ప్రభుత్వం నిర్వహిస్తుంటే వాటికి వర్తిస్తుంది, దాన్ని వదిలేద్దాం. మూడోదే మావాడి గ్రౌండుకి సంబంధించింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న, లేదా ప్రభుత్వ సాయం అందుకునే విద్యాసంస్థలో మతబోధనలో పాల్గొనాలని గానీ, అక్కడ లేదా దానికి చేరివున్న ఆవరణలో జరిగే ఆరాధనకు హాజరు కావాలని గానీ ఎవరినీ నిర్బంధించకూడదు. ఆ వ్యక్తి ఒప్పుకుంటే తప్ప. పిల్లలైతే వాళ్ల సంరక్షకులు ఒప్పుకుంటే తప్ప.

ఒక్కో మాట పట్టుకుని చూడండి. "గుర్తింపు ఉన్న" అంది కాబట్టి పైసా సాయం తీసుకోని ప్రైవేటు బడి కూడా ఇందులోకి వస్తుంది. "హాజరు" అంది కాబట్టి పెదవి కదపకపోయినా సరే, నిలబడటమే లెక్క. "చేరివున్న ఆవరణ" అంది కాబట్టి కాంపౌండులో ఉన్న చాపెల్‌కి (చిన్న ప్రార్థనా మందిరానికి) నెల మొదటి శుక్రవారం లైను కట్టించి తీసుకెళ్లడం కూడా ఇందులోనే ఉంది. అన్నిటికన్నా ముఖ్యం చివరి మాట. ఇంగ్లండులో పిల్లాడు ఆరాధనలో ఉన్నట్టే లెక్క, వద్దనుకుంటే అమ్మానాన్నలు వెళ్లి చెప్పాలి. మన రాజ్యాంగం దాన్ని తిరగేసింది. అమ్మానాన్నలు ఒప్పుకునేదాకా పిల్లాడు లేనట్టే లెక్క. మా ఆవిడ ప్రశ్న రాజ్యాంగం అడిగిన ప్రశ్నేనన్నమాట. ఆ సంగతి ఇంట్లో ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

"మైనారిటీ బడి కదా, వాళ్లకి ఈ చట్టాలేవీ అంటవు" అని మా ఆఫీసులో ఒకాయన గట్టిగా వాదించాడు. సగం విని సగం వదిలేసిన మాట అది. మైనారిటీలకు తమ విద్యాసంస్థలు స్థాపించుకుని నడుపుకునే హక్కును 30వ అధికరణం ఇచ్చిన మాట నిజం. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు విద్యాహక్కు చట్టం మైనారిటీ బడులకు వర్తించదని చెప్పిన మాటా నిజం. పేదపిల్లలకు ఇరవై ఐదు శాతం సీట్ల నియమం వాళ్లకి లేనిది అందుకే. అయితే 28(3)లో మైనారిటీ బడికి మినహాయింపు రాయలేదు. బడిని తమ విశ్వాసం ప్రకారం నడుపుకునే హక్కు సిస్టర్లది. తన పిల్లాడు ఆరాధనలో నిలబడాలా వద్దా అని చెప్పే హక్కు తల్లిదండ్రులది. రెండూ ఒకే గ్రౌండులో పక్కపక్కనే నిలబడాలి.

ప్రభుత్వ బడుల వాళ్లు ఇందులో తమకి సంబంధం లేదనుకోనక్కర్లేదు. మొదటి క్లాజు "మతబోధన" అంది గానీ "ప్రార్థన" అనలేదు. మరి కేంద్రీయ విద్యాలయాల్లో పొద్దున్నే చదివించే సంస్కృత, హిందీ ప్రార్థనలు మతబోధన కిందికి వస్తాయా? ఒకాయన సుప్రీంకోర్టుకి వెళితే, 2019 జనవరిలో ఇద్దరు జడ్జీల బెంచి ఇది పెద్ద ధర్మాసనం తేల్చాల్సిన విషయమని పంపింది. మాల వేసుకున్న పిల్లాడి నల్లబట్టలు, ఆడపిల్లల బొట్టు, గాజులు, వీటి మీద ఏటా కార్తీకంలో వచ్చే గొడవ మాత్రం వేరు. అది యూనిఫాం తగువు. దాన్ని తెచ్చి ప్రేయర్‌తో ముడిపెడితే రెండూ తేలవు.

ఇప్పుడు మా అమ్మ మాటకి వస్తాను. "ఏటైతే ఏటిరా." మన ఊళ్లో వేలమంది హిందూ తల్లిదండ్రులు పిల్లల్ని క్రైస్తవ బడుల్లో ఎందుకు నిశ్చింతగా వేస్తున్నారో ఆ మాటలో ఉంది. పోర్టు దగ్గర రాస్ హిల్ మీద మేరీమాత గుడి, పక్క కొండమీద దర్గా, ఇంకో కొండమీద వెంకటేశ్వరస్వామి. మూడూ ఎక్కి దిగినవాళ్లు ఈ ఊళ్లో కోకొల్లలు. బురుజుపేట కనకమహాలక్ష్మి దగ్గర భక్తులే స్వయంగా అమ్మవారికి పసుపు కుంకుమ పెడతారు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. ఇలాంటి పద్ధతిలో పెరిగినవాళ్లకి దణ్ణం ఎవరికివారు పెట్టుకునేది. పది మందితో కలిసి ఇంకో దేవుడి పాట పాడితే తన దేవుడికి ఏమీ తగ్గదు. అందుకే వాళ్ల చెవికి "ప్రేయర్" అంటే ఆరాధన కాదు, క్రమశిక్షణ. పిల్లాడు కదలకుండా నిలబడటం.

క్రైస్తవుడికి అలా కాదు. ఆరాధన ఒక్కరికే చెందాలి, పంచి ఇచ్చేది కాదు. అదే పని ఒకరికి ఈకంత బరువు, ఇంకొకరికి బండంత. దీన్ని తిరగేసి చూస్తే తెలుస్తుంది. సర్కారు బడిలో వసంత పంచమికి సరస్వతి పూజ చేసి, పిల్లలందరి చేత అక్షింతలు వేయించి ప్రసాదం పెడితే, అదే బడిలో ఉన్న క్రైస్తవ పిల్లాడి తల్లికి ఎంత టెన్షనో పక్కింటివాళ్లకి తెలియదు. ప్రసాదం తినాలా, దాచి తెచ్చి ఎవరికైనా ఇచ్చేయాలా అని ఆ పిల్లాడు ఏడేళ్లకే లెక్కలు వేస్తాడు. "మా దేవుడికి ఇది చిన్న విషయం" అని ఎదుటివాడి తరఫున మనం నిర్ణయించడం కుదరదు. నాకు మా అమ్మ మాట ఇష్టమే. కానీ అది మా అమ్మ తన కోసం చెప్పుకోగలిగిన మాట, ఇంకో ఇంటికి చెప్పగలిగింది కాదు.

అయితే పిల్లల్ని మతం కాలమ్ చూసి విడగొడితే సరిపోతుందా అంటే, మన దగ్గర ఆ కాలమే సరిగ్గా నిజం చెప్పదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సీలో లెక్కిస్తారు. అందుకని రిజిస్టరులో హిందువుగా ఉండి ఆదివారం చర్చికి వెళ్లే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కాగితం చూసి పిల్లాణ్ణి సత్యోపదేశం క్లాసుకి పంపాలా, మోరల్ సైన్స్‌కి పంపాలా అని టీచరు తేల్చలేదు. అమ్మానాన్నల్ని అడగడమొక్కటే దారి.

సరే, ఎవరో వద్దన్నారనుకుందాం. అప్పుడు ఆ పిల్లాడు ఎక్కడ ఉండాలి? చట్టం ఎంత బాగా రాసినా ఇక్కడికొచ్చేసరికి చతికిలబడుతుంది. ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో ఒక ప్రైమరీ స్కూలు చిన్నారి ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన చేయడం చూసి, మతం లేని ఆ తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. మా ఇంటి కంచం సంగతే, సముద్రాలకి అవతల. 2025 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. కావాలంటే పిల్లని తప్పించుకునే హక్కు ఉంది కదా అన్న వాదన అక్కడ నిలబడలేదు. ఒంటరిగా బయట కూర్చోబెడితే ఆ పిల్ల మీద ముద్ర పడుతుందని, ఆ భారం తల్లిదండ్రుల మీద మోపకూడదని కోర్టు అభిప్రాయపడింది.

మన దగ్గర ఇంతకంటే పాత, నా ఉద్దేశంలో ఇంతకంటే అందమైన జవాబు ఒకటుంది. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేవారు కాదు, మర్యాదగా లేచి నిలబడేవారు. 1985లో బడి వాళ్లని పంపేసింది. 1986లో సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. నిలబడి గౌరవం చూపారు, పాడమని నిర్బంధించలేరన్నది దాని సారం. అది ఆరాధన కేసు కాదు, జాతీయగీతం కేసు. అయినా గ్రౌండుకి అది చూపించిన దారి పనికొస్తుంది. పిల్లాణ్ణి లైనులోంచి లాగేయకుండా, లైనులోనే మౌనంగా ఉండనివ్వడం. చేతులు జోడించలేదని స్కేలుతో తట్టకుండా ఉండటం.

చర్చి పెద్దలకి ఇది తెలియదనుకుంటే పొరపాటు. 2024లో కేథలిక్ బిషప్పుల సమాఖ్య విద్యా విభాగం తమ బడులకు మార్గదర్శకాలు పంపింది. ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ సంప్రదాయాలు రుద్దవద్దు, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించండి, వీలైతే సర్వమత ప్రార్థనాలయం పెట్టండి అని అందులో ఉంది. దేశంలో పరిస్థితుల వల్ల వచ్చిన జాగ్రత్త కూడా అందులో ఉందని వేరే చెప్పక్కర్లేదు. పీఠిక సంగతి అలా ఉంచితే, అసెంబ్లీలో అందరినీ నిజంగా కలిపే కొన్ని వాక్యాలు మన ఊళ్లోనే పుట్టాయి. "భారతదేశం నా మాతృభూమి" అని మొదలయ్యే ప్రతిజ్ఞని పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖ జిల్లా ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు తెలుగులో రాశారు. 1963లో మొదటిసారి చదివించింది కూడా విశాఖలోని ఒక బడిలోనే. 1965 జనవరి 26 నుంచి దేశమంతా చదువుతోంది. "నా సహోదరులు" అన్న ఆ మాటలో ఎవరెవరున్నారన్న అనుమానం ఏ పిల్లాడికీ రాదు.

ఇంతా తెలుసుకుని ఒక శనివారం బడికి వెళ్లాను. సిస్టర్ బీరువాలోంచి మావాడి ఫైలు తీశారు. ఫారం వెనక పేజీలో, ఇంగ్లీషులో, ఫీజు తిరిగి ఇవ్వబడదు అన్న లైనుకీ పోయిన వస్తువులకు బాధ్యత లేదు అన్న లైనుకీ మధ్య ఉంది. సంస్థ ఆధ్యాత్మిక కార్యక్రమాల్లో మా బిడ్డ పాల్గొనడానికి అభ్యంతరం లేదని. కింద నా సంతకం. అడిగారు, నేనే చదవలేదు. కానీ అలా అడగడం అడిగినట్టేనా అంటే, కాదనే నా అభిప్రాయం. ఆ మాటే చెప్పాను. వేరే కాగితం మీద, తెలుగులో, ప్రార్థనకి ఒకటి, చాపెల్‌కి ఒకటి, విడివిడిగా అవునో కాదో రాయించుకుంటే బాగుంటుందన్నాను. సిస్టర్ కాసేపు ఆలోచించారు. "ఎవరైనా కాదని రాస్తే ఆ పిల్లల్ని ఎక్కడ నిలబెట్టను?" అని అడిగారు. లైనులోనే అన్నాను. "మౌనంగా ఉంటారా మీ పిల్లలు?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి మావాణ్ణి అడిగాను, నీకు ప్రేయర్‌లో ఉండటం ఇష్టమేనా అని. వాడి బాధ వేరే ఉంది. వచ్చే గురువారం వార్తలు చదవడం వాడి వంతు, ప్రేయర్ లేకపోతే ఆ వంతు వెనకబెంచీ హర్షకి పోతుంది. దేవుడి సంగతి అడిగితే, "కళ్లు మూసుకున్నప్పుడు ఒక కన్ను కొంచెం తెరుస్తా నాన్నా, అందరూ మూసుకున్నారో లేదో చూడ్డానికి" అన్నాడు. మా ఆవిడా నేనూ మాట్లాడుకున్నాం. ప్రార్థనకి సరే, చాపెల్‌కి వద్దు అని తెల్లకాగితం మీద తెలుగులో రాసి, ఇద్దరం సంతకాలు పెట్టి, ఒక జెరాక్స్ తీయించుకుని అసలుది సోమవారం ప్రేయర్ బెల్‌కి ముందే ఇచ్చి వచ్చాను.